నరం దొరకని పసిబిడ్డకు సెలైన్ ఎక్కేదెలా?

ఏడాది నిండని పాప. ఒకటిన్నర రోజుగా వాంతులు, విరేచనాలు. కళ్లు లోతుకు పోయాయి, చేతులు కాళ్లు చల్లబడ్డాయి, తల్లి భుజం మీద మెడ వాలేసి ఉంది. నర్సు ముందు ఎడమ చేయి చూసింది, తర్వాత కుడి చేయి, పాదం, చివరికి నుదుటి పక్కన. గుచ్చిన ప్రతిచోటా ఒక చిన్న నీలిమచ్చ మిగిలింది తప్ప సూదిలోకి రక్తం రాలేదు. ‘నరం దొరకట్లేదు సార్’ అన్న మాట వినిపించేసరికి పది, పదిహేను నిమిషాలు గడిచిపోయాయి. బయట 108 వాహనం ఇంకా కదల్లేదు. పెద్దాసుపత్రికి రాసిచ్చేద్దామా అన్న ఆలోచన మొదలైంది.

పిల్లల వార్డుల్లో పనిచేసిన ఎవరిని అడిగినా ఇలాంటి రాత్రి ఒకటి చెబుతారు. మనం మామూలుగా నరం అనేది నిజానికి సిర. ఒంట్లో నీరు ఇంకిపోయినప్పుడు మొదట ముడుచుకుపోయేది అదే. సెలైన్ అవసరం ఎంత ఎక్కువగా ఉంటే దాన్ని ఎక్కించే దారి అంతగా మూసుకుపోతుంది. ఏడాది పిల్లల సిరలు మామూలుగానే దారప్పోగుల్లా ఉంటాయి. పైన కొవ్వు పొర. దానికి తోడు చుట్టూ అరుస్తున్న బంధువులు, వణికే చేతులు.

మరి అప్పుడేం చేయాలి? దీనికి వైద్యశాస్త్రం దగ్గర ఒకటి కాదు, చాలా జవాబులున్నాయి. కొన్నింటికి వందేళ్ల వయసుంది. వాటిలో ముఖ్యమైన ఒకదానికి మన ఉపఖండమే పుట్టిల్లు. ఇంకొకటి అమెరికాలో పుట్టి, అక్కడే మరుగునపడి, ఇండియా మీదుగా మళ్లీ అమెరికా చేరింది. ఇన్ని ఉన్నా జిల్లా, ప్రాంతీయ ఆసుపత్రుల్లో అవి చేతికి అందే దూరంలో ఎందుకు ఉండవన్నదే అసలు ప్రశ్న.

ముందు ఒక మాట. వైద్యులు ‘బిడ్డ షాక్‌లో ఉంది’ అంటే చాలామంది తల్లిదండ్రులు భయపడిందనో, దిగ్భ్రాంతి చెందిందనో అనుకుంటారు. కరెంటు షాకనుకునేవారూ ఉన్నారు. వైద్యంలో షాక్ అంటే రక్తప్రసరణ కుప్పకూలడం, అవయవాలకు చేరాల్సినంత రక్తం చేరకపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని గుర్తించడానికి యంత్రాలు అక్కర్లేని మూడు లక్షణాలు చెప్పింది. చేతులు, కాళ్లు చల్లగా ఉండటం, గోరు నొక్కి వదిలితే తిరిగి ఎర్రబడటానికి 3 సెకన్ల కంటే ఎక్కువ పట్టడం, నాడి బలహీనంగా, వేగంగా కొట్టుకోవడం. మూడూ ఉంటే షాక్. పిల్లల్లో బీపీ పడిపోవడం చివరి దశ. దానికోసం ఎదురుచూస్తే ఆలస్యమైపోయినట్టే.

పిల్లల ఒంట్లో ఉండే రక్తమే తక్కువ. కిలో బరువుకు దాదాపు 80 మిల్లీలీటర్లు. ఎనిమిది కిలోల పాపకు మొత్తం కలిపి ఆరువందల చిల్లర, అంటే ఒక చిన్న నీళ్ల సీసా. విరేచనాల వల్ల షాక్‌లోకి వెళ్లిన ఆ పాపకు మొదటి గంటలో కిలోకు 30 మిల్లీలీటర్ల చొప్పున 240 మిల్లీలీటర్లు, తర్వాత ఐదు గంటల్లో కిలోకు 70 చొప్పున 560 మిల్లీలీటర్లు సిరలోకి వెళ్లాలన్నది ప్రామాణిక లెక్క. ఏడాది దాటిన పిల్లలకైతే ఇంతే మోతాదు అరగంటలో, రెండున్నర గంటల్లో. అదీ రింగర్ లాక్టేట్ గానీ, నార్మల్ సెలైన్ గానీ అయి ఉండాలి. మన ఊళ్లలో ‘గ్లూకోజ్ బాటిల్ ఎక్కించండి’ అని అడగడం అలవాటు. ఒట్టి గ్లూకోజ్ నీళ్లు షాక్‌కు మందు కాదు. అవి రక్తనాళాల్లో నిలవవు, పైగా సోడియం పడిపోయే ప్రమాదముంది.

మూలుగలోంచి దారి

మటన్ కూరలో మూలుగ ఎముక కోసం పోటీపడే ఇళ్లలో ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఎముక లోపలంతా మెత్తని మూలుగ, దాని నిండా సన్నని రక్తనాళాల వల. ఒంట్లో నీరు తగ్గితే చేతి మీది సిర ముడుచుకుపోతుంది. ఎముక లోపలి నాళాలకు మాత్రం చుట్టూ గట్టి గోడ ఉంటుంది కాబట్టి అవి ముడుచుకోలేవు. మోకాలి చిప్ప కింద ముందుకు పొడుచుకొచ్చినట్టుండే బుడిపెకు ఒకటి రెండు సెంటీమీటర్ల దిగువన, లోపలి వైపు చదునుగా ఉన్నచోట సూది దించితే మూలుగ తగులుతుంది. అక్కడ ఎక్కించిన ద్రవం క్షణాల్లో గుండెకు చేరుతుంది. సెలైనే కాదు, రక్తం, అత్యవసర మందులు కూడా ఆ దారిన పంపవచ్చు. దీన్ని వైద్యులు ఇంట్రాఆసియస్ అంటారు, క్లుప్తంగా ఐఓ.

ఈ ఆలోచన 1922 నాటిది. హార్వర్డ్‌లో సెసిల్ డ్రింకర్ జంతువుల ఎముకల్లోకి ద్రవం పంపి, అది రక్తంలో కలవడం గమనించారు. 1940లలో ఫిలడెల్ఫియా వైద్యులు టొకాంటిన్స్, ఓనీల్ దీన్ని మనుషుల్లో విస్తృతంగా ప్రయత్నించారు. రెండో ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులకూ వాడారు. తర్వాత సిరలో నిలిచే ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాయి. సంపన్న దేశాలు ఎముక దారిని మరిచిపోయాయి.

దాన్ని మళ్లీ గుర్తుచేసింది జేమ్స్ ఓర్లోవ్‌స్కీ అనే అమెరికన్ పిల్లల వైద్యుడు. కలరా ప్రబలిన సమయంలో ఇండియా వచ్చిన ఆయన, ఇక్కడి సిబ్బంది సిర దొరకని రోగులకు ఎముకలోంచి ద్రవాలు ఎక్కించడం చూశారు. షేక్‌స్పియర్ నాటకంలో రాజు గుర్రం కోసం రాజ్యాన్నే ఇస్తాననడాన్ని గుర్తుచేసేలా పేరు పెట్టి, 1984లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో సంపాదకీయం రాశారు. సిర కోసం వెతుకుతూ పిల్లల్ని పోగొట్టుకోవద్దు, ఎముక ఉంది కదా అన్నది దాని సారాంశం. కొన్నేళ్లలోనే అమెరికాలో పిల్లల అత్యవసర చికిత్స శిక్షణలో ఐఓ భాగమైపోయింది. ఇండియాలో చూసి నేర్చుకున్న పాఠం అక్కడ నియమం అయింది. ఇక్కడ కార్పొరేట్ ఐసీయూలు, పెద్ద బోధనాసుపత్రులు దాటితే ఇప్పటికీ అరుదైన విద్యగానే మిగిలింది.

పరికరం దొరక్క అనుకుంటే పొరపాటు. బ్యాటరీతో తిరిగే డ్రిల్లు, దానికి ఒక్కసారే వాడే సూదులు ఖరీదైనవే. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల వైద్యంపై ప్రచురించిన చేతిపుస్తకం దానికోసం ఆగమనలేదు. మూలుగ పరీక్షకు వాడే సూది చాలు, అదీ లేకపోతే చిన్నపిల్లల్లో లావుపాటి మామూలు ఇంజెక్షన్ సూదో, బటర్‌ఫ్లై సూదో వాడవచ్చని చెబుతోంది. శిక్షణ తరగతుల్లో కోడికాళ్ల మీద చేయి తిప్పుతారు. ఎముక పైపొర దాటి లోపలికి దిగినప్పుడు చేతికి తెలిసే ఆ చిన్న ‘టక్’ కోడి ఎముకలోనూ తెలుస్తుంది.

షరతులు లేకపోలేదు. ఎముక విరిగిన కాలికి, చర్మానికి ఇన్ఫెక్షన్ ఉన్నచోట వాడకూడదు. బాటిల్ వేలాడదీస్తే ధార నెమ్మదిగా పడుతుంది కాబట్టి పెద్ద సిరంజితో నెట్టాలి. పిక్క ఉబ్బుతోందేమో చూస్తూ ఉండాలి. ద్రవం కండరంలోకి కారితే కాలికే ముప్పు. సిర దొరకగానే తీసేయాలి. ఎలాగైనా 8 గంటలు మించకూడదని ఆ పుస్తకమే హెచ్చరిస్తుంది. ఎముకకు చీము పట్టడం వంటి తీవ్ర ఇన్ఫెక్షన్ నూటికి ఒకరికంటే తక్కువమందిలోనే కనిపించింది.

అయినా వెనకాడతారు. కారణం ఊహించడం కష్టం కాదు. ‘ఎముకలోకి సూదేంటి డాక్టరుగారూ, బిడ్డను చంపేస్తారా’ అని బంధువులు మీదికొస్తారేమోనన్న భయం. సిర కోసం పన్నెండు పోట్లు పొడిచినా ఎవరూ ఏమీ అనరు, ఎముకలో ఒక్క పోటు పొడిస్తే మాత్రం ఫోన్లో వీడియో మొదలవుతుంది. బిడ్డ దక్కకపోతే నింద ఆ సూదికే. ఆసుపత్రుల మీద దాడులు వార్తలవుతున్న కాలంలో జూనియర్ డాక్టరు రిఫరల్ చీటీ రాయడమే సురక్షితమనుకుంటే, తప్పు అతనొక్కడిదే అనలేం.

ముక్కులోంచి, నోట్లోంచి

ఎముక దారి తెలిసిన చేయి లేనిచోట ఏం చేయాలి? గ్రామస్థాయి సిబ్బందికి నేర్పే చిన్నపిల్లల జబ్బుల సమగ్ర చికిత్స పట్టికలో, తీవ్రంగా నీరు కోల్పోయిన బిడ్డ విషయంలో వరుసగా ప్రశ్నలుంటాయి. సెలైన్ ఇప్పుడే ఎక్కించగలవా? లేకపోతే అరగంట దూరంలో ఎక్కించే చోటు ఉందా? అదీ లేకపోతే ముక్కు గొట్టం వేయడం నేర్చుకున్నావా? అదీ రాకపోతే బిడ్డ తాగగలదా? ఏదీ కుదరకపోతేనే వెంటనే పైకి పంపు.

మూడో ప్రశ్న దగ్గర ఆగుదాం. ముక్కులోంచి పొట్టలోకి సన్నని గొట్టం వేసి, గంటకు కిలోకు 20 మిల్లీలీటర్ల చొప్పున ఆరు గంటలపాటు ఓఆర్ఎస్ ద్రావణం పంపడం. మన ఎనిమిది కిలోల పాపకు గంటకు 160, మొత్తం లీటరుకు కాస్త తక్కువ. వాంతులు ఆగకపోయినా, పొట్ట ఉబ్బినా వేగం తగ్గిస్తారు. నిజమైన షాక్‌లో పేగులకూ రక్తం సరిగా అందదు కాబట్టి ఇది సిరకు, ఎముకకు సాటి కాదు. స్పృహ సరిగా లేని బిడ్డకు ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. కానీ ఏమీ ఎక్కించకుండా గంటన్నర ప్రయాణం చేయించడంతో పోలిస్తే? అల్లూరి సీతారామరాజు జిల్లా కొండ గూడేల నుంచి డోలీ కట్టి మోసుకొచ్చే కుటుంబాలకు ఆ పట్టికలోని అరగంట అన్న మాట వేరే లోకానిది. అక్కడ ఏఎన్ఎం చేతిలో గొట్టం ఉందా, వేయడం వచ్చా అన్నదే ప్రాణం ఖరీదు.

నోటి దారి చరిత్ర మన తూర్పు పొరుగుదే. 1953లో హేమేంద్రనాథ్ ఛటర్జీ కలకత్తాలో కలరా రోగులకు నోటిద్వారా చికిత్స చేసి లాన్సెట్‌లో రాశారు. 1968లో ఢాకాలో డేవిడ్ నళిన్, రిచర్డ్ క్యాష్ గ్లూకోజు, ఉప్పు కలిపిన నీరు కలరాలో సెలైన్ అవసరాన్ని బాగా తగ్గిస్తుందని చూపారు. గ్లూకోజు పేగు గోడ దాటేటప్పుడు ఉప్పును, దానితోపాటు నీటినీ వెంట తీసుకెళ్లడం దీని కిటుకు. కలరా ఈ ఏర్పాటును చెడగొట్టదు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో సరిహద్దు పట్టణం బన్‌గావ్‌కు శరణార్థులు పోటెత్తారు. వెంటే కలరా వచ్చింది. దిలీప్ మహలనబిస్ బృందం దగ్గర సెలైన్ సీసాలు అయిపోవస్తున్నాయి. కలకత్తాలోని తమ కేంద్రం గ్రంథాలయం గదిలో ఉప్పు, వంటసోడా, గ్లూకోజు తూచి పొట్లాలు కట్టించారు. లీటరుకు 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల సోడా. తాగించే పని రోగుల బంధువులకే అప్పగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాల రేటు ఆయన శిబిరంలో 3.6 శాతానికి పడిపోయింది. మహలనబిస్ 2022లో కన్నుమూశారు. దేశం పద్మవిభూషణ్ ఇచ్చింది మరుసటి ఏడాది.

ఈ కథ చెప్పేటప్పుడు తరచూ జారిపోయే వివరం ఒకటుంది. బన్‌గావ్‌లో సెలైన్ పూర్తిగా మానేయలేదు. ఉన్న కొద్ది సీసాలనూ షాక్‌లో ఉన్నవారికి దాచారు, తాగగలిగిన ప్రతి ఒక్కరినీ నోటి దారికి మళ్లించారు. ఏ దారి ఎవరికన్న ఆ విభజనే అక్కడ ప్రాణాలు కాపాడింది. తర్వాత బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి పదేళ్లపాటు ఇంటింటికీ మహిళా కార్యకర్తల్ని పంపి, మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం కొలత కోటికి పైగా ఇళ్లలో నేర్పింది. ఎంతమంది తల్లులు సరిగా నేర్చుకున్నారో పరీక్షించి, దాన్నిబట్టే కార్యకర్తలకు జీతం లెక్కగట్టింది.

మన దగ్గర? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం విరేచనాలైన పిల్లల్లో ఓఆర్ఎస్ అందింది 60.6 శాతానికే. అంతకుముందు సర్వేలో అది 50.6. మెరుగే, కానీ ఆ పొట్లం పుట్టిన దేశంలో ఐదుగురిలో ఇద్దరికి అది అందలేదు. అందిందనుకున్నదీ అసలైనదేనా అన్నది ఇంకో సంగతి. అసలు సూత్రంలో లీటరుకు 13.5 గ్రాములే గ్లూకోజు. అంతకు ఎన్నోరెట్లు చక్కెర ఉన్న తియ్యని పానీయాలు పేరులో ‘ఓఆర్ఎస్’ పెట్టుకుని మందుల షాపుల్లోనే అమ్ముడయ్యాయి. చక్కెర ఎక్కువైతే పేగులోకి నీరు ఎదురు లాగి విరేచనాలు పెరుగుతాయి. దీనిమీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అలాంటి పేర్లు వాడొద్దని ఆదేశించింది.

ఎక్కువైనా ముప్పే

దారి దొరికిందని గబగబా నింపేయడమూ కుదరదు. ఈ పాఠం ఆఫ్రికా నేర్పింది. కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో తీవ్ర జ్వరం, రక్తప్రసరణ లోపంతో వచ్చిన 3,141 మంది పిల్లలపై జరిగిన ఫీస్ట్ అధ్యయనం 2011లో వెలువడింది. సెలైన్ వేగంగా ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లో 10.5 శాతం మంది, అల్బుమిన్ ఎక్కించిన వారిలో 10.6 శాతం మంది చనిపోయారు. అలా వేగంగా ఎక్కించని పిల్లల్లో చనిపోయింది 7.3 శాతం. వైద్యలోకం అవాక్కయింది. ఆ పిల్లల్లో చాలామందికి మలేరియా, రక్తహీనత ఉన్నాయి. వెంటిలేటర్లున్న ఐసీయూలు అక్కడ లేవు.

దీన్ని తప్పుగా చదివి సెలైనే ప్రమాదమనడం ఇంకో పొరపాటు. విరేచనాలతో నీరు పోయిన పిల్లల్ని, తీవ్ర పోషకాహార లోపం ఉన్నవారిని ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు. మొదట్లో మనం చూసిన పాపకు ఫీస్ట్ వర్తించదు. ఆమెకు నీరు పోయింది, నీరే కావాలి. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చిన షాక్ లెక్క వేరు. 2020 నాటి అంతర్జాతీయ సెప్సిస్ మార్గదర్శకాలు ఐసీయూ సౌకర్యం ఉన్నచోట మొదటి గంటలో కిలోకు 40 నుంచి 60 మిల్లీలీటర్ల దాకా అనుమతించాయి. ఐసీయూ లేనిచోట, బీపీ పడిపోనంతవరకు ఒకేసారి వేగంగా ఎక్కించవద్దన్నాయి. డెంగీ షాక్‌లో రక్తనాళాల నుంచి ద్రవం కారిపోతుంది కాబట్టి ఎక్కించాలి, కానీ కాస్త ఎక్కువైనా ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. ప్రతి వానాకాలం మన వార్డుల్లో ఈ కత్తిమీద సాము జరుగుతూనే ఉంటుంది.

తీవ్ర పోషకాహార లోపమున్న బిడ్డ మరీ చిక్కు సమస్య. గుండె తట్టుకోలేదన్న భయంతో, షాక్ ఉంటే తప్ప సిర దారి వద్దని దశాబ్దాలుగా చెబుతున్నారు. విరేచనాలతో వచ్చిన అలాంటి పిల్లలు 272 మందిపై ఆఫ్రికాలో జరిగిన గ్యాస్ట్రోసామ్ అధ్యయనం 2025లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. సిర దారికీ నోటి దారికీ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు, భయపడినట్టు గుండె చేతులెత్తేయడమూ కనిపించలేదు. నోటి చికిత్స జట్టులో ఎక్కువమందికి చివరికి ముక్కు గొట్టమే వేయాల్సి వచ్చిందన్నది నాకు ముఖ్యంగా తోచిన వివరం. ‘తాగించండి’ అని చీటీ మీద రాసినంత తేలిక కాదు తాగించడం.

ఇంకా పాత దారులూ ఉన్నాయి. చర్మం కిందకు ద్రవం పంపడం, పొట్ట గోడలోంచి పేగుల చుట్టూ నింపడం. షాక్‌లో చర్మానికి రక్తం అందదు కాబట్టి మొదటిది అక్కడే నిలిచిపోతుంది. రెండోది నెమ్మది, పైగా ఇన్ఫెక్షన్ భయం. మడమ పైన కోసి సిరను బయటకు తీయడం పని చేస్తుంది, కానీ దానికి నేర్పరి చేయి, సమయం కావాలి. ఎముక దారి వచ్చాక వీటి అవసరం దాదాపు తీరిపోయింది.

ఇదంతా చూశాక నాకు అర్థమైంది ఇది. మన ప్రభుత్వాలు నిచ్చెన మొదటి మెట్టుకు, చివరి మెట్టుకు డబ్బు పెట్టాయి. కింద ఆశా కార్యకర్త సంచిలో ఓఆర్ఎస్ పొట్లం, జింకు మాత్ర ఉంటాయి. 2014లో పక్షోత్సవంగా మొదలై 2024లో స్టాప్ డయేరియాగా పేరు మార్చుకున్న కేంద్ర కార్యక్రమం దీని మీదే. పైన నగరంలో ఐసీయూ, అక్కడికి చేర్చే వాహనం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన 108 సేవ దేశానికే నమూనా అయింది. మధ్య మెట్లయిన ముక్కు గొట్టం, ఎముక సూది ఎవరి పద్దులోనూ గట్టిగా లేవు. అవి ఫొటోకు నిలబడే పరికరాలు కావు, ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టలేం. కొన్న సూదిని ట్రేలో పెట్టి తాళం వేస్తే సరిపోదు. ఆరునెలలకోసారి కోడికాలి మీదైనా చేయి తిప్పకపోతే అవసరమైన రాత్రి ఆ చేయి లేవదు.

రాష్ట్ర ఆరోగ్యశాఖలు చేయగలిగిందేమీ పెద్ద ఖర్చు కాదు. వానాకాలానికి ముందు ఓఆర్ఎస్ నిల్వలు లెక్కగట్టినట్టే, పిల్లలకు సరిపోయే గొట్టాలు, మూలుగ సూదులు ఎన్ని ఆసుపత్రుల్లో ఉన్నాయో, వాటిని వేయగలిగిన నర్సులు ప్రతి షిఫ్టులో ఎందరో లెక్కగట్టాలి. సిర కోసం ఎన్ని నిమిషాలు వెతకాలో రాతపూర్వక నిబంధన పెట్టాలి. అది దాటితే ఎముక దారికి వెళ్లిన డాక్టరుకు ఆ నిబంధనే రక్షణ. పైకి పంపే ప్రతి బిడ్డ చీటీలో ‘బయల్దేరే ముందు ఏ దారిన ఎంత ద్రవం ఇచ్చారు’ అన్న గడి ఒకటి చేర్చాలి. ఆ గడి ఖాళీగా వచ్చిన చీటీలను నెలకోసారి జిల్లా స్థాయిలో తీసి చూస్తే, ఏ ఆసుపత్రిలో ఏది కొరవడిందో తెలిసిపోతుంది.